పగలకుండా చూసిన గాజు

తాలూకా మేజిస్ట్రేటు గారి సమక్షంలో, 1974 ఆగస్టు 29వ తేదీ, గురువారం, పగలు పదకొండున్నరకు మొదలుపెట్టి రాసుకున్న వాంగ్మూలం. సాక్షికి చదువు రాదు. తాను చెప్పినది చెప్పినట్టే రాయాలని పట్టుబట్టినందున, మధ్యలో ఆమె అన్న మాటలు కూడా తీసివేయలేదు.

నా పేరు కనకవ్వ. ఇంటిపేరు ఆరెపల్లి. నా భర్త రాయమల్లు ఎనిమిదేండ్ల కింద చనిపోయాడు. వయసు అరవై అయిదు అని రాసుకోండి, అటూ ఇటూ అయితే నా తప్పు కాదు. వృత్తి ఏమిటని అడిగారు. ఇల్లు చూసుకుంటాను. అది వృత్తి కిందికి రాదని గుమాస్తా గారు అన్నారు. అయితే అక్కడ ఖాళీ వదిలిపెట్టండి, కానీ ఈ కేసంతా ఆ పని వల్లనే వచ్చిందని తరువాత మీరే అంటారు.

నివాసం గోదావరిఖని, బొగ్గు బాయి వెనుక ఆరో లైను, పదకొండో నంబరు క్వార్టరు. ఇప్పుడు ఆ లైనులో ఎవరూ లేరు, అందరినీ ఖాళీ చేయించారు. మేము రెండో లైనులో లింగవ్వ అనే ఆమె ఇంటి వరండాలో ఉంటున్నాము.

నన్ను ఎవరూ పంపలేదు. పొద్దున ఏడు గంటల బస్సుకు నేనే వచ్చాను. సర్వే సెక్షనులో గొలుసు పట్టి కొలిచే పని చేసే యిర్మియా అనే మనిషి పదహారు రోజులుగా జైలులో ఉన్నాడు. మా ఇంటి గోడను చూడకుండానే చూసినట్టు పుస్తకంలో రాశాడని అతని మీద కేసు. అతను రాలేదని చెప్పింది నేను. అది అబద్ధం. అతను వచ్చాడు. ప్రతి సోమవారం వచ్చాడు. ఇది ముందు రాయండి, మిగతాది నేను చెబుతూ ఉంటాను. రాశారా?

సరే. కిటికీల సంగతి మొదటి నుంచి చెప్పాలి, లేకపోతే అర్థం కాదు. చెప్పినా నాకు పూర్తిగా అర్థం కాలేదు, అది వేరే మాట.

నా కొడుకు మొగిలి బాయిలో బొగ్గు నింపే పని చేస్తాడు. చేసేవాడు. అయిదేండ్ల కింద ఆ క్వార్టరు అతని పేరున ఇచ్చారు. ఇచ్చిన రోజు కంపెనీ మనిషి వచ్చి అన్నీ లెక్కపెట్టి కాగితం మీద రాసుకున్నాడు. తలుపులు రెండు, కిటికీలు మూడు, ఒక్కో కిటికీకి రెండు రెక్కలు, ఒక్కో రెక్కకు నాలుగు అద్దాలు, మొత్తం ఇరవై నాలుగు. వానాకాలం ముందు ప్రతి ఏడూ వచ్చి మళ్ళీ లెక్కపెడతారు. మా లైనులో అందరి ఇండ్లలో అట్టముక్కలు, రేకు ముక్కలు ఉంటాయి. నా ఇంట్లో అయిదేండ్లూ ఇరవై నాలుగే ఉన్నాయి. లెక్కపెట్టే ఆయన పోయిన ఏడు, "అవ్వా, నీ ఇంటికి రావుడు దండుగ, బయటినుంచే రాసుకుంట" అన్నాడు. "లోపలికొచ్చి లెక్కపెట్టు, అరిగిపోవు నీ కాళ్ళు" అన్నాను. వచ్చి లెక్కపెట్టాడు.

ప్రతి శుక్రవారం కిటికీలు చూస్తాను. బొగ్గు ఊరు. పొద్దున తుడిస్తే సాయంత్రానికి వేలు పెడితే నల్లగా వస్తుంది. అద్దాలు పాత పేపరుతో తుడుస్తాను. మడతబందులకు గుడ్డతో కిరసనాయిలు అంటిస్తాను. కింద బాయిలో మందు పేల్చినప్పుడు మా అద్దాలన్నీ గలగలమంటాయి. అప్పుడు అద్దం మీద అరచెయ్యి ఆనిస్తే, ఏది వదులైందో చేతికే తెలుస్తుంది. దాని చుట్టూ ఎండిన లప్పం తీసి కొత్త లప్పం పెడతాను. అద్దం లప్పంలో ఉంటుంది కనుకే పగలదు. లప్పం మెత్తగా ఉండి అద్దాన్ని కదలనిస్తుంది. ఈ మాట మనసులో పెట్టుకోండి.

మొన్న శివరాత్రి తరువాత వెనుక కిటికీ రెక్క పట్టేసింది. బిక్షం అనే వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించాను. ఇరవై రోజులకు మళ్ళీ పట్టేసింది. మళ్ళీ పిలిచాను. "అవ్వా, రెక్క పెరుగలె, చౌకట్టు ఒరిగింది" అన్నాడు. "చౌకట్టు ఒరగలె, నీ చిత్రిక మొండిది" అన్నాను. గొణుక్కుంటూనే మళ్ళీ చెక్కాడు. ఆ తరువాత మా ఇంట్లో అన్నిటికంటే బాగా తెరుచుకునే కిటికీ అదే. గాలి బాగా వచ్చేది.

ఆ కిటికీనే తుడుస్తూ, కింది మూల నుంచి నేల వైపు గోడకు ఒక పగులు చూశాను. వెంట్రుక మందం. కంపెనీ ఆఫీసులో నేనే చెప్పి వచ్చాను. ఇదీ రాయండి, చెప్పింది నేనే.

శ్రీరామనవమి పోయిన రెండో వారం, సోమవారం, పొద్దున ఏడు గంటల బాయి కూత అయిన తరువాత యిర్మియా వచ్చాడు. క్యాలెండరు చూసి అది ఏప్రిల్ 15 అని గుమాస్తా గారు అంటున్నారు. నలభై ఏండ్ల మనిషి, పొడుగు. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. జానెడు పొడవు, వేలెడు వెడల్పు ఉన్న గాజు ముక్కను పగులు మీద అడ్డంగా పెట్టి, ఇటు కొనకు ఇంత, అటు కొనకు ఇంత సిమెంటు ముద్ద పెట్టి అతికించాడు. సిమెంటు మీద మేకుతో ఏదో గీశాడు. తారీఖు అన్నాడు.

"అవ్వా, దీన్ని ముట్టద్దు. రోజు చూస్తుండు. పగిలిందనుకో, నాకు చెప్పాలె. పగిలితే క్వార్టర్ ఖాళీ చెయ్యాలె" అన్నాడు.

"నేనుండంగ ఎట్ల పగులుతది" అన్నాను.

అతను నవ్వి, "నువ్వున్నా పగులుతది. భూమి నీ మాట వింటదా" అన్నాడు.

ఇంతే చెప్పాడు. ఇంతే చెప్పాడా, ఇంకా ఏమైనా చెప్పాడా అని అయ్యగారు అడుగుతున్నారు. ఏమో. చెప్పి ఉండవచ్చు. అతను మాట్లాడుతున్నప్పుడు నేను ఆ సిమెంటు కిటికీ చెక్కకు అంటుతుందేమోనని చూస్తున్నాను. నాకు చెవిన పడింది మాత్రం పగిలితే ఖాళీ చెయ్యాలి అన్న మాట.

ఆ మాట ఎందుకు పడిందో చెబుతాను. పోయిన ఏడు నాలుగో లైనులో కొమురెల్లి ఇంట్లో కూడా ఇట్లాంటి గాజే పెట్టారు. అది పగిలింది. మూడో రోజు లారీ వచ్చింది. కుండలూ, మంచాలూ, మేకలూ ఎక్కించి బాయి అవతల రేకుల షెడ్డులో దింపారు. ఎండాకాలం ఆ రేకుల కింద కొమురెల్లి తల్లికి వడదెబ్బ తగిలి మంచం పట్టింది. వాళ్ళ గోడ పడగా నేను చూడలేదు. గాజు పగలడం చూశాను, లారీ రావడం చూశాను. దాన్ని బట్టి గాజు పగలకపోతే లారీ రాదు అనుకున్నాను. ఇందులో తప్పేముందో అయ్యగారు చెప్పాలి. కంపెనీ ఇచ్చిన అద్దం పగిలితే అడుగుతారు. ఇదీ అద్దమే. ఇరవై అయిదోది.

మే నెల 24వ తేదీ శుక్రవారం తుడుస్తుంటే ఆ గాజు మధ్యలో తెగి ఉంది. పొద్దున పది గంటలకు. కోడలు అనసూర్య నల్లా దగ్గర ఉంది, మొగిలి డ్యూటీలో ఉన్నాడు. నా చెయ్యి తగిలి పగిలిందేమో అనుకున్నాను. తగలలేదు. తగిలిందేమో. సోమవారం యిర్మియా వస్తాడు. మంచం కింద పాత అద్దం ముక్క దాచి ఉంచాను, ఎప్పుడైనా కిటికీకి పనికొస్తుందని. దాన్ని పెంకుతో గీసి అదే కొలతకు విరిచాను. పాత గాజును లాగి, కొత్త ముక్కను అదే సిమెంటు గాడిలో దూర్చి, కొంచెం కొత్త సిమెంటు మెత్తాను. అతను గీసిన తారీఖు చెరగకుండా చూశాను. పైన సున్నం పూశాను.

సోమవారం యిర్మియా వచ్చి వంగి చూసి గోరుతో టక్కుమనిపించాడు.

"సున్నం ఏసినవా?"

"ఏసిన. నా ఇల్లు, నా సున్నం."

"గాజు మీద పడనియ్యకు, నాకు కనబడాలె" అని పుస్తకంలో రాసుకున్నాడు. మంచినీళ్ళు అడిగి తాగి పోయాడు.

జూన్ 28 శుక్రవారం, తొలేకాదశి ముందు, మళ్ళీ తెగి ఉంది. మళ్ళీ మార్చాను. అదే అద్దంలో మిగిలిన ముక్క. వెంట్రుక మందం పగులు అప్పటికి కందిగింజ పట్టేంత అయింది. అందులోకి సున్నం కూరాను.

శ్రావణంలో మూడో శుక్రవారం, ఆగస్టు 9న, మూడోసారి తెగింది. ఇంట్లో అద్దం ముక్క లేదు. నా భర్త ఫోటోకు కట్టించిన అద్దం తీశాను. బజారులో ఫోటోలకు చట్రాలు కట్టే సదయ్య దగ్గరికి తీసుకుపోయి, జానెడు పొడవు, వేలెడు వెడల్పు కొయ్యమన్నాను. "ఇదేం కొలతనవ్వా, బల్లి ఫోటో కడుతున్నవా" అన్నాడు. "నీ ఫోటోకే, ముందుగాల కొలత తీసి పెట్టుకుంటున్న" అన్నాను. అతన్ని పిలిచి అడగండి. ఇంటికి తెచ్చి పెడుతుంటే అంచు జారి ఎడమ చేతి బొటనవేలు తెగింది. చీర కొంగు చింపి కట్టాను.

ఈసారి ఆలోచించాను. ఎందుకు మాటిమాటికి పగులుతోంది? సిమెంటు గట్టిది, గాజును కదలనివ్వదు. కిటికీ అద్దాలు మందు పేల్చినా పగలవు, లప్పంలో ఉంటాయి కనుక. అందుకని ఈసారి సిమెంటు గాడులు పెద్దవి చేసి లప్పం పెట్టాను. పైన సున్నం. నేను అయిదేండ్లుగా నేర్చుకున్న పని అంతా పెట్టి చేశాను.

ఆగస్టు 12 సోమవారం పొద్దున యిర్మియా వచ్చాడు. రాలేదని నేను చెప్పిన సోమవారాల్లో ఇది చివరిది. వచ్చాడు. టక్కుమనిపించాడు. "బాగుందవ్వా" అన్నాడు. నా చెయ్యి చూసి, "వేలికేమైంది" అన్నాడు. కత్తిపీట తెగిందన్నాను. "పసుపు పెట్టు, సెప్టిక్ అయితది" అన్నాడు. చెంబులో నీళ్ళు నేనే ఇచ్చాను.

మరునాడు మంగళవారం. మొగిలి రాత్రి షిఫ్టు దిగి ఎనిమిది గంటలకు వచ్చాడు, స్నానం చేసి, తిని, తొమ్మిదికి పడుకున్నాడు. వెనుక కిటికీ కింద మంచం వేసింది నేను. గాలి వస్తుందని వేశాను. పదిన్నరకు నేను ముందు వాకిట్లో బియ్యం ఏరుతున్నాను. మందు పేల్చిన చప్పుడు లేదు, గాలి లేదు, వాన లేదు. బండి నుంచి కంకర గుమ్మరించినట్టు వినబడింది. లోపలికి పోతే వెనుక గోడ లేదు. చెట్లు కనబడ్డాయి. ఇంట్లో నుంచి చెట్లెందుకు కనబడుతున్నాయి అనుకున్నాను. ఇది ఎందుకు చెబుతున్నానో తెలియదు, అప్పుడు అదే అనుకున్నాను.

రాత్రి షిఫ్టు చేసి పడుకున్నవాళ్ళు లుంగీలతో, కొందరు గోచీలతో ఉరికి వచ్చారు. ఇటుకలు తీయడానికి ఒకడు పోతే, కింద నుంచి మొగిలి, "ముందుగాల కట్టె పెట్టుర్రా, పైకప్పు చూడుర్రా" అని తిడుతున్నాడు. మంచం కోళ్ళూ, వాసాలూ తెచ్చి, బాయిలో పెట్టినట్టే పైకప్పుకు కట్టెలు నిలబెట్టి, అతన్ని బయటికి గుంజారు. కుడికాలు మోకాలి కింద నుజ్జయింది. ఆ సాయంత్రం దవాఖానలో తీసివేశారు. పన్నెండేండ్లు బాయిలోకి దిగి పైకి వచ్చిన మనిషి. ఇంట్లో పడుకుని కాలు పోగొట్టుకున్నాడు.

వాళ్ళు అతన్ని మోసుకుపోతుంటే, నేను మట్టిలో ఆ గాజును వెతికాను. ఎందుకో తెలియదు. దొరికింది. ఒక కొన లప్పంలో నుంచి ఊడి వచ్చింది. పగలలేదు. గోడ పడింది, గాజు పగలలేదు. అది పట్టుకుని నేను, గాజు పగలలేదు కదా, మరి ఇల్లెట్లా పోయింది అని అడిగాను. ఎవరూ వినలేదు. రొంటిన దోపుకున్నాను.

దవాఖాన వరండాలో హెడ్ కానిస్టేబులు వచ్చి, "సర్వే మనిషి వచ్చి చూసిండా" అని అడిగాడు. అప్పటికి లోపల కాలు కోస్తున్నారు. నిన్న వచ్చి బాగుంది అన్నవాడు, ఈ రోజు గోడ పడితే, వాడు చూసినట్టా? నా కోపం అంతా ఆ "బాగుందవ్వా" మీదికి పోయింది. "రాలె. నెల రోజుల సంది రాలె" అన్నాను. అతను రాశాడు, నా వేలి కట్టు విప్పి ముద్ర వేయించుకున్నాడు. అతను తప్పుగా రాయలేదు. నేనే తప్పుగా చెప్పాను. ఆ రాత్రే యిర్మియాను పట్టుకుపోయారని తరువాత తెలిసింది.

తొమ్మిది రోజుల తరువాత, 22వ తేదీ గురువారం మధ్యాహ్నం, యిర్మియా భార్య సుగుణమణి లింగవ్వ ఇంటికి వచ్చింది. తిట్టడానికి వచ్చిందనుకుని నేనే ముందు మొదలుపెట్టాను.

"మా ఇంటికి ఎందుకొచ్చినవ్? కాలు చూస్తవా, లేని కాలును?"

ఆమె నిలబడే ఉంది. "తిట్టు అవ్వా, నేను వింట. ఒక్కటే అడిగి పోత. గాజు పగులలేదని మా ఆయన రాసిండు. ఆయన చూడకుండ రాసే మనిషి కాదు, పదిహేనేండ్ల సంది చూస్తున్న. కంపెనీ సూపరెండెంటు సారు ఏమంటడంటే, అంత పెద్ద పగులు ఇచ్చినంక గాజు పగులకుండ ఉండదు, ఉన్నదని రాసిండంటే ఇంట్ల కూసోని రాసిండు అంటడు. పగులకుంట ఎట్లుంటదవ్వా? నువ్వు రోజు చూసేదానివి. నాకు ఒక్క ముక్క అర్థమయేటట్టు చెప్పు."

నేను చెప్పలేదు. "నాకేం తెలుసు, నేనేమన్న సర్వేనా" అన్నాను. ఆమె పోయేటప్పుడు, గోడకు ఆనించి పెట్టిన నా భర్త ఫోటో వైపు చూసి, "దీనికి అద్దం లేదేంది, దుమ్ము పడుతది" అని కొంగుతో ముఖం తుడిచి పోయింది. నా మొగుని ముఖం.

ఆ సాయంత్రం దవాఖానకు పోయి మొగిలికి అంతా చెప్పాను. మూడుసార్లు మార్చానని చెప్పాను. అతను పైకప్పు వైపు చూస్తూ అడిగాడు.

"అవ్వా, బాయిల పైకప్పుకు కట్టెలెందుకు పెడుతమో ఎరుకేనా?"

"పడకుండ ఆపుతందుకు."

"కట్టె ఏం ఆపుతదే, అంత గుట్టను. కట్టె కిర్రుమంటది. కిర్రుమనంగనే చేతిలున్నది పారేసి ఉరుకుతం. అది ముందుగాల విరగాలె, అందుకే పెడుతం. నాయిన నీకు చెప్పలేదా?"

చెప్పాడు. నా భర్త చెప్పాడు. కట్టె మాట్లాడుతుంది, ఇనుము మాట్లాడదు, నాకు కట్టె కిందనే భయం ఉండదు అనేవాడు. అన్నం పెడుతూ వందసార్లు విన్నాను. అది బాయి సంగతి అనుకున్నాను. ఇంటి గోడకు కూడా అట్లా పెడతారని ఎవరికి తెలుసు? వస్తువును పగలడానికి తెచ్చి పెడతారా? నేను పుట్టినప్పటి నుంచి పగలకుండా చూడడమే నేర్పారు. కుండ పగిలితే తిట్టారు, గాజు పగిలితే అపశకునమన్నారు. పగలడమే దాని పని అయిన వస్తువును నేను ఒక్కటి కూడా చూడలేదు. అయ్యగారి ఇంట్లో ఉందా? ఇది ఇప్పటికీ నా తలకు ఎక్కడం లేదు. ఎక్కింది అనుకుంటాను, మళ్ళీ జారిపోతుంది. మూడుసార్లు అది నాకు చెప్పింది, మూడుసార్లు నేను దాని నోరు మూశాను. ఇంతవరకు అర్థమైంది.

అనసూర్య మంచం అవతల నిలబడి విన్నది. "అత్తా, ఈ మాట ఇక్కడనే మింగు. మన తప్పే అంటరు. కాలు పోయినోనికి కంపెనీ పైన కూసుండే పని ఇస్తనన్నది, అది గూడ పోతది. ఆ యిర్మియాకు కాళ్ళు రెండున్నయి, ఎట్లనన్న బతుకుతడు" అన్నది. ఆమె చెడ్డది కాదు. ఇద్దరు పిల్లలతో వరండాలో ఉంటోంది. నేను లేస్తుంటే మొగిలి మాత్రం, "బస్సుకు పొద్దుగాల్నే పోవాలె, పది దాటితే సీటు దొరకది" అన్నాడు.

ఇంకో వారం పట్టింది నాకు. ఆ వారం యిర్మియా జైలులో ఉన్నది నా వల్లనే, అది కూడా రాయండి.

ఆ మాట తప్పు చెప్పినందుకు, గాజు మార్చినందుకు నా మీద కేసు పెట్టవచ్చునని అయ్యగారు చెప్పారు. వినబడింది. నా మీద పెట్టండి, నా కొడుకు మీద పెట్టకండి. గోడ పడినప్పుడు అతను నిద్రపోతున్నాడు. కోడలికీ తెలియదు. సున్నం నేనే పూశాను, మంచం నేనే వేశాను.

నా రొంటిలో ఉన్న గాజును ఇప్పుడు అయ్యగారి బల్ల మీద పెడుతున్నాను. ఒక కొనకు లప్పం అంటి ఉంది, గోటితో గీరి చూడండి, సిమెంటు కాదు. అద్దం లేని ఫోటో కూడా తెచ్చాను. చట్రం గాడి మందం, ఈ గాజు మందం ఒకటే. ఫోటో మాత్రం తిరిగి ఇవ్వాలి. గాజు అక్కరలేదు.

రాసినదంతా గుమాస్తా గారు ఒకసారి, నేను మళ్ళీ చదవమంటే రెండోసారి చదివి వినిపించారు. ఇవి నా మాటలే. ఎవరి భయానికీ, ఎవరి ఆశకూ చెప్పలేదు. మొదట చెప్పింది అబద్ధం, ఇది నిజం.

కనకవ్వ ఎడమ బొటనవేలి ముద్ర.

గమనిక: ముద్రలో అడ్డంగా తెల్లని గీత పడినందున సిరా మళ్ళీ రాసి రెండోసారి తీసుకోవడమైనది. రెండోసారి కూడా గీత పడినది. మూడోసారి తీయబోగా సాక్షి చెయ్యి ఇవ్వక, "ఎన్నిసార్లు తీసినా గంతే. గాజు కోసిన గీత అది. ఆ రోజు దవాఖానల ఏసిన కాగితం తీసి చూడుర్రి, దాని మీద గూడ ఉంటది. అప్పటికి నాలుగు రోజుల పుండు" అని చెప్పినది. ఆగస్టు 13వ తేదీ వాంగ్మూలం ఫైలు నుంచి తెప్పించి పక్కన పెట్టి చూడడమైనది. గీత ఉన్నది.